పన్నెండు జతలు, ఒక స్టీలు గిన్నె

“మేడమ్, సార్థకం అని వచ్చింది!”

డిగ్రీ చివరి సంవత్సరం అమ్మాయి ప్రాజెక్టు కాగితాలు నా బల్ల మీద పెడుతూ అన్న మొదటి మాట అది. వాళ్ల నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా. ఆయన నోటుపుస్తకంలోంచి పదిహేను మార్కెట్ రోజుల లెక్కలు దించుకుని తెచ్చింది. ఏ రోజు ఏ రకం ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయి, క్వింటా ఎంత పలికింది, అన్నీ వరసగా ఉన్నాయి. ఒక రోజు వచ్చిన తేజ రకం సరుకుని, మూడు రోజుల తరువాత తేజ పలికిన ధరతో జత కలిపింది. పన్నెండు జతలు వచ్చాయి. రెండు వరసలు ఎంతగా కలిసి నడుస్తాయో మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా చెప్పే సహసంబంధ గుణకం మైనస్ 0.58. పన్నెండు జతలకు 5 శాతం స్థాయిలో పట్టిక చెప్పే హద్దు 0.576. దాన్ని దాటితే సార్థకం, అంటే ఊరికే కాకతాళీయం అనలేమని లెక్క. హద్దు దాటింది కాబట్టి శూన్య పరికల్పన, అంటే సంబంధమే లేదన్న ఊహ, తిరస్కృతం. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసింది.

నేను ఒకటే అడిగాను. “ఈ మూడు రోజుల ఎడం ఎందుకు తీసుకున్నావమ్మా? ఇది కాక ఇంకేమేం చూశావు?”

ఏ దాపరికమూ లేకుండా చెప్పింది. తేజ, 334, 341, ఆర్మూరు, బ్యాడిగి అని ఐదు రకాలు. ఒక్కొక్క రకానికి అదే రోజు ధర, మర్నాటి ధర, రెండు రోజుల తరువాతది, మూడు రోజుల తరువాతది. మొత్తం ఇరవై లెక్కలు కట్టింది. పందొమ్మిది కాగితాల్లో లేవు.

“అవి రాలేదు మేడమ్. అందుకని పెట్టలేదు.”

ఆ “రాలేదు” అన్న మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పరీక్ష ఫలితాల్లో నంబరు రాలేదన్నట్టు, పిలుపు రాలేదన్నట్టు. ఆ పిల్ల తప్పు ఇందులో ఏమీ లేదు. ఆమె చేసిందల్లా మేము నేర్పింది. ఇరవై రెండేళ్లుగా గుంటూరులో సంఖ్యాశాస్త్రం చెబుతున్నాను. గుణకం సూత్రం బోర్డు మీద రాస్తాం, టి విలువ కట్టిస్తాం, పట్టిక తెరిపిస్తాం, “తిరస్కరించాం” లేదా “అంగీకరించాం” అని రాయిస్తాం. ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో, ఎన్ని ప్రశ్నల్లోంచి ఏరుకున్నదో, ఆ సంఖ్యలు ఎలా చేతికొచ్చాయో అడగం. పరీక్ష విలువ అంతా అక్కడే ఉంది. ఇంత గట్టిగా అంటున్నానంటే ఊరికే అనడం లేదు, కారణం చెబుతాను.

ముందు ఆ ఇరవై సంగతి. ఏ సంబంధమూ లేని చోట కూడా 5 శాతం స్థాయి పరీక్ష నూటికి ఐదుసార్లు “ఉంది” అంటుంది. అది దాని ఒప్పందం. ఒకదానితో ఒకటి పొత్తు లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఒక్కటైనా అలా తప్పుగా పలికే అవకాశం 64 శాతం. ఈ అమ్మాయి ఇరవై లెక్కలూ ఒకే యార్డువి, ఒకే పదిహేను మార్కెట్ రోజులవి. వాటికి పొత్తు ఉంది. కనుక సరిగ్గా 64 అనలేను, కానీ 5 మాత్రం కాదు. పందొమ్మిదీ దాచి ఇరవయ్యోది చూపిస్తే, చూసేవాడు 5 అనే నమ్ముతాడు. ఇరవై పరీక్షలు చేశానని రాసి, ఒక్కొక్కదానికి 5 శాతాన్ని ఇరవైతో భాగించి పావు శాతం హద్దు పెట్టుకుని ఉంటే, ఆ మైనస్ 0.58 దరిదాపుల్లోకి కూడా వచ్చేది కాదు.

ఇదంతా మాటల్లో చెబితే తల ఊపుతారు. మర్నాడు ఇంటినుంచి ఒక స్టీలు గిన్నె పట్టుకెళ్లాను.

తేజ రాకల పన్నెండు అంకెలను బోర్డు మీద నిలువుగా రాశాను. పన్నెండు ధరలను పన్నెండు చీటీల మీద రాసి, మడిచి, గిన్నెలో వేసి కలిపాను. ఒక్కొక్క చీటీ తీసి, వచ్చిన ధరను వచ్చినట్టే రాకల పక్కన రాయించాను. ఇప్పుడు ఏ రోజు సరుకుకి ఏ ధర పక్కన పడిందో గిన్నెకే తెలుసు. వాటి మధ్య సంబంధం ఉండే వీలే లేదు. గుణకం కట్టమన్నాను. ఇక్కడ పిల్లలే ఒక సులువు కనిపెట్టారు. చీటీలు ఎన్నిసార్లు కలిపినా రాకల మొత్తం మారదు, ధరల మొత్తం మారదు, వాటి వర్గాల మొత్తాలూ మారవు. మారేది జతల గుణకారాల మొత్తం ఒక్కటే. అది కడితే మిగతా సూత్రం అంతా సిద్ధంగా ఉంది. నలభై మంది, ఒక్కొక్కరూ ఐదుసార్లు. రెండు పీరియడ్లు పట్టింది.

బోర్డు మీద మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా ఒక గీత గీసి, వచ్చిన ప్రతి గుణకానికీ దాని చోట ఒక సుద్ద చుక్క పెట్టించాను. రెండు వందల చుక్కలు. సున్నా దగ్గర పోగుపడి, రెండు వైపులా పలచబడ్డాయి. హద్దుకి అవతల ఎన్ని పడ్డాయో లెక్కపెడితే పదకొండు. ఒక కుర్రాడికి 0.71 వచ్చింది. కేవలం చీటీల కలుపుడులోంచి వచ్చిన ఆ 0.71ని తరగతి అంతా లేచి నిలబడి చూసింది. ప్రాజెక్టు అమ్మాయి మాత్రం కూర్చునే ఉంది. తన మైనస్ 0.58 ఆ గీత మీద ఎక్కడ పడుతుందో వేలితో వెతుక్కుంటోంది.

శూన్య పరికల్పన అంటే ఆ గిన్నె. పి విలువ అంటే, ఆ గిన్నె మనం చూసినంత గుణకాన్ని, లేదా అంతకన్నా పెద్దదాన్ని, నూటికి ఎన్నిసార్లు ఇస్తుందన్న లెక్క. అంతకుమించి అది ఏమీ చెప్పదు. “సంబంధం లేకపోవడానికి 5 శాతమే అవకాశం” అని చదివేవాళ్లు గిన్నెని అడగని ప్రశ్నకు జవాబు రాసుకుంటున్నారు. అమెరికా స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసి మరీ చెప్పింది: పి విలువ పరికల్పన నిజమయ్యే అవకాశాన్ని కొలవదు, ప్రభావం ఎంత పెద్దదో కూడా కొలవదు.

చీటీల పని చిన్నపిల్లల ఆట అనుకునేవారికి గాసెట్ సంగతి చెప్పాలి. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేస్తూ “స్టూడెంట్” అన్న మారుపేరుతో రాసిన మనిషి. 1908లో, మూడు వేల మంది నేరస్థుల ఎత్తులు, ఎడమచేతి మధ్యవేలి పొడవులు అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున తీసి చూశాడు. మనం టి పరీక్ష అని పిలుచుకునేదాన్ని అలా సరిచూసుకున్నాడు. సహసంబంధ గుణకం మీద కూడా అదే ఏడాది రాశాడు; దాని పంపిణీని 1915లో గణితంతో నిరూపించినవాడు ఇంగ్లండు సంఖ్యాశాస్త్రజ్ఞుడు ఫిషర్. పట్టిక వెనక ఉన్నది అట్టముక్కలే. మా పిల్లలకి మేము పట్టిక ఇచ్చి అట్టముక్కలు దాచేశాం.

ఇప్పుడు అసలు చిక్కు. చీటీలు కలిపే హక్కు నాకు ఉందా?

చీటీలు కలపడమంటే, ఈ పన్నెండు ధరలూ ఏ క్రమంలోనైనా వచ్చి ఉండేవే అని ఒప్పుకోవడం. యార్డులో అలా జరగదు. ఒక రోజు ఉదయం ఆ అమ్మాయితో కలిసి వెళ్లి చూశాను. ఘాటుకు కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నిలబడితే, కొనుగోలుదారు బస్తాలోంచి నాలుగు కాయలు తీసి, విరిచి, గింజ చూసి, రంగు చూసి, తాలు ఎంతుందో చూసి ధర చెబుతున్నాడు. ఆ ధర గాలిలోంచి రాలేదు. నిన్న ఎంత పలికిందో అక్కడ అందరి నోట్లోనూ ఉంది. ఈ రోజు ధర నిన్నటి భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తుంది. అలాంటప్పుడు పన్నెండు రోజులు పన్నెండు వేరువేరు సాక్ష్యాలు కావు. ఒకరి మాటే మరొకరు చెప్పిన నాలుగైదు సాక్ష్యాలు కావచ్చు. హద్దు 0.576 అన్నది పన్నెండూ వేరువేరు అన్న నమ్మకం మీద కట్టింది.

1926లో బ్రిటిష్ సంఖ్యాశాస్త్రజ్ఞుడు యూల్ దీన్ని ఎంత స్పష్టంగా చూపాడో చెబితే పిల్లలు నోరు తెరుస్తారు. 1866 నుంచి 1911 దాకా ఇంగ్లండు, వేల్స్‌లలో జరిగిన పెళ్లిళ్లలో ఆంగ్లికన్ చర్చిలో జరిగినవాటి వాటా ఏటేటా తగ్గుతూ వచ్చింది. మరణాల రేటు కూడా తగ్గుతూ వచ్చింది. రెండింటి సహసంబంధం 0.95. పట్టిక తెరిస్తే సార్థకతకు కొదవ లేదు. చర్చి పెళ్లిళ్లు మనుషుల్ని చంపుతున్నాయని ఎవరూ అనరు. కాలంతో పాటు నెమ్మదిగా జారే ఏ రెండు వరసలైనా ఇలాగే చేయి చేయి పట్టుకున్నట్టు కనిపిస్తాయి. విలువలకు బదులు రోజుకూ రోజుకూ మధ్య మార్పులు తీసుకుంటే చాలావరకు ఈ మాయ విడిపోతుంది. మా పాఠ్యప్రణాళికలో కాలశ్రేణులు ఒక చోట, సహసంబంధం మరోచోట. రెండూ కలిసే చోటే ఈ ఊరి బతుకంతా ఉంది.

ఇక మా తమ్ముడి సంగతి. నేను ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే.

వాడు సత్తెనపల్లి వైపు మిర్చి వేస్తాడు. 2021లో నల్ల తామర పురుగు తోటల మీద పడ్డాక, ఆ తరువాతి పంటకి తనకు తోచినట్టు ఎనిమిది మళ్లలో వేపపిండి ఒక్కొక్కదానికి వేరువేరు మోతాదులో వేసి, ముడత పడిన మొక్కలు లెక్కపెట్టుకున్నాడు. చదువు పదో తరగతి. ఆ పని చేయాలని వాడికి తోచినందుకు నాకు ఇప్పటికీ గర్వమే. ఒక మందుల కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు ఆ అంకెలు ఫోనులో కొట్టి, గుణకం మైనస్ 0.5, సార్థకం కాదు, కాబట్టి వేపపిండికీ ముడతకీ సంబంధం లేదని తేల్చాడు. తరువాత తమ మందు కరపత్రం ఇచ్చాడు. వెయ్యికి పైగా పొలాల్లో పరీక్షించాం, మోతాదుకీ దిగుబడికీ సంబంధం సార్థకమని రుజువైంది అని అందులో ఉంది. గుణకం ఎంతో మాత్రం లేదు.

రాత్రి ఫోను చేశాడు. “అక్కా, వేపపిండి దండగేనంటావా?”

ఎనిమిది జతలకు హద్దు 0.707. పన్నెండుకు 0.576, ముప్ఫైకి 0.361, వందకు 0.197, వెయ్యికి 0.062. ఈ వరసని ఒకసారి నిదానంగా చదవండి. వెయ్యి పొలాలుంటే 0.07 గుణకం కూడా సార్థకమే. 0.07ని వర్గం చేస్తే 0.0049. అంటే దిగుబడుల హెచ్చుతగ్గుల్లో అర శాతం కూడా ఆ మోతాదు వివరించదు. సంబంధం ఉందన్నమాట అబద్ధం కాకపోవచ్చు. దానికోసం డబ్బా కొనడం దండగ కావచ్చు. కరపత్రంలో గుణకం లేకపోవడం పొరపాటు అనుకోను. ఇటు ఎనిమిది మళ్లు. మైనస్ 0.5 అనేది చిన్న గుణకం కాదు. అసలు గుణకం ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండవచ్చో చెప్పే విశ్వాస అంతరాన్ని ఫిషర్ చూపిన పద్ధతిలో కడితే మైనస్ 0.89 నుంచి 0.32 దాకా వచ్చింది. వేపపిండి బ్రహ్మాండంగా పనిచేసి ఉండవచ్చు, ఏమీ చేయకపోయి ఉండవచ్చు, కాస్త చెరుపు కూడా చేసి ఉండవచ్చు. ఎనిమిది మళ్లు ఇంతకన్నా చెప్పలేవు. “సంబంధం లేదు” అని ఆ కుర్రాడు చెప్పిన మాట లెక్కలో ఎక్కడా లేదు. సాక్ష్యం చాలకపోవడాన్ని సంబంధం లేకపోవడంగా అమ్మాడు.

ఉన్న పరిశీలనలతో ఎంత కచ్చితంగా చెప్పగలమన్నదానికి ఒక గట్టు ఉందనీ, సగటున ఒక పక్కకి మొగ్గని పద్ధతి ఎంత తెలివైనదైనా ఆ గట్టు దాటలేదనీ 1945లో చూపినవాడు సి. ఆర్. రావు. నూజివీడులోనూ నందిగామలోనూ చదువుకున్న పిల్లవాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయం మీదుగా కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చేరి, కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే డాక్టరేటు చేశాడు. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకుని, ఆ ఏడాదే ఆగస్టులో నూటరెండేళ్ల వయసులో కన్నుమూశాడు. మా విభాగంలో ఆయన పటం ఉంది. పటం కింద కూర్చుని ఎనిమిది మళ్లకు “లేదు” అని రాయించడం నాకు మనసు ఒప్పదు.

తమ్ముడికి రెండు మాటలు చెప్పాను. ఒకటి, లెక్క ఏమీ తేల్చలేదు, ఇంకో పంటకి చూడు. రెండోది, ఈసారి ఏ మడికి ఎంత వేయాలో నువ్వు నిర్ణయించవద్దు, చీటీలు వేసి తీయి. మొదటిసారి వాడు ఎక్కువ వేపపిండి ఇంటి దగ్గరి మళ్లలో వేశాడు. ఆ మళ్లకే కాలువ నీళ్లు ముందు అందుతాయి. ముడత తగ్గింది వేపపిండివల్లో, నీటివల్లో ఏ గుణకమూ విడదీయలేదు. చీటీలు పొలంలో ముందే తీస్తే, తరువాత తరగతిలో గిన్నె కలిపే హక్కు న్యాయంగా వస్తుంది. ఫిషర్ రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పనిచేస్తూ మళ్లకు ఎరువులు లాటరీ వేసి పంచమన్నది ఇందుకే. ఆ సలహాని మేము ప్రయోగ రచన అనే వేరే పేపర్లో చెబుతాం, వచ్చే సెమిస్టరులో.

గుణాల మధ్య సాహచర్యానికి వాడే కై-వర్గ పరీక్షకీ ఇదే కథ. దాన్ని త్వరగా చెబుతాను, ఎందుకంటే అక్కడ ఒక్క విషయమే నన్ను బాధపెడుతుంది. నలభై మంది రైతులనుకుందాం. ఇరవై మంది విత్తనశుద్ధి చేశారు, ఇరవై మంది చేయలేదు. చేయనివాళ్లలో 12 మందికి, చేసినవాళ్లలో 6 మందికి తెగులు వచ్చింది. సంబంధమే లేకపోతే ఈ 18 చెరి 9గా ఉండాలి. తేడాలను వర్గం చేసి, ఆశించిన సంఖ్యలతో భాగించి కూడితే 3.64. హద్దు 3.84. సార్థకం కాదు. ఇప్పుడు చేయనివాళ్లలో ఇంకొక్క రైతు “మాకూ వచ్చిందండీ” అన్నాడనుకోండి. 13, 6. విలువ 4.91. సార్థకం! ఒక్క మనిషి జవాబుతో ఒక ప్రాజెక్టు నెగ్గింది, ఇంకొకటి ఓడింది. పి విలువ 0.057 నుంచి 0.027కి జరిగింది, అంతే. ఆ రెండు పట్టికలూ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. 5 శాతాన్ని ఫిషర్ 1925లో తన పుస్తకంలో వాడింది, గీత గీయడానికి అనువుగా ఉంటుందని. మేము దాన్ని కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీలాగా నిలబెట్టాం, ఇవతల నీళ్లు, అవతల ఇసుక.

(ఈ పరీక్షను 1900లో కనిపెట్టిన పియర్సనే రెండు వరసల, రెండు నిలువుల పట్టికకు హద్దు ఎక్కువగా పెట్టుకున్నాడు, 7.81 దగ్గర. స్వాతంత్ర్య కోటి, అంటే పట్టికలో స్వేచ్ఛగా మారగల గడుల సంఖ్య, మూడు కాదు, ఒకటే అని ఫిషర్ 1922లో దిద్దాడు. పియర్సన్ ఒప్పుకోలేదు. ఇంత పెద్దవాళ్లు కొట్లాడుకున్న చోట మా పిల్లలు ఎందుకని ఒక్కసారి కూడా అడగకుండా పట్టిక తిప్పేస్తారు.)

తోటి అధ్యాపకులు కొందరు నాతో అంటారు: ఇన్ని చెబితే పిల్లలు భయపడతారు, ముందు సూత్రం రానీయండి, తరువాత అవే తెలుస్తాయి అని. తరువాత ఎప్పుడూ రాలేదు. ఆ కంపెనీ కుర్రాడు కూడా ఎక్కడో ఒక కళాశాలలో ఇదే పేపరు పాసై వచ్చినవాడే. సూత్రం వాడికి వచ్చు. ఫోనులో పది సెకన్లలో గుణకం కట్టే ఈ రోజుల్లో సూత్రం నేర్పడానికి ఆరు వారాలు, ప్రశ్న నేర్పడానికి ఒక్క గంట కూడా ఇవ్వకపోవడం ఏ రకంగానూ సమర్థించలేను. నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. రికార్డు పుస్తకం మొదటి పేజీలో, అంకెలు చేతికి రాకముందే, ఏ ప్రశ్న అడుగుతున్నారో తేదీ వేసి రాయించాలి. ఎన్ని పరీక్షలు చేశారో అన్నీ పెట్టాలి. చివర తిరస్కరణ మాటకు బదులు గుణకం, దాని అంతరం రాయాలి. ఒక్కొక్క జతను ఒక్కో చుక్కగా చూపే పటం గీయకుండా గుణకం కట్టనివ్వకూడదు.

ఆ అమ్మాయి పాత కాగితాలు వెనక్కి తీసుకుంది. జనవరి చివర్లో కొత్త రికార్డు మొదటి పేజీలో ఒకే వాక్యం రాసి నాతో సంతకం పెట్టించుకుంది: “తేజ రాక నిన్నటికంటే పెరిగిన రోజు, ధర నిన్నటికంటే తగ్గుతుందా?” నిన్నటికీ ఈ రోజుకీ మధ్య మార్పులే తీసుకుంది. శని, ఆదివారాలు యార్డుకి సెలవు కాబట్టి మార్చి ఆఖరుకి 45 జతలు అయ్యాయి. గుణకం మైనస్ 0.21. అంతరం మైనస్ 0.47 నుంచి 0.09.

మౌఖిక పరీక్షకి బయటి కళాశాలనుంచి వచ్చిన పరీక్షకుడు ఆఖరి పేజీ తిప్పి, “ఇంతకీ తిరస్కరించావా, అంగీకరించావా?” అని అడిగారు.

“రెండూ కాదు సార్. ధర తగ్గుతుందనే వైపు కొంచెం మొగ్గు ఉంది. ఎంత తగ్గుతుందో చెప్పడానికి ఈ రోజులు చాలవు. ఇంకొకటి కూడా ఉంది సార్, నాన్న రాసేది ఆ రోజు గరిష్ఠ ధర ఒక్కటే. అది ఒక్క లాటు ధర. దాంతో యార్డు ధర తెలియదు.”

ఆయన ఇంకేమీ అడగలేదు. ఎన్ని మార్కులు వేశారో నాకు తెలుసు, తక్కువే వేశారు. ఏప్రిల్‌లో ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారి నోటుపుస్తకం చూపించడానికి తెచ్చింది. ధర అని ఉన్న గడిని ఆయన స్కేలు పెట్టి మూడుగా గీసుకున్నారు: కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ బస్తాలు పలికిన ధర.